సౌరజ్వాల వేళ విజయభాస్కర్ గొంతు

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడల్లా చనిపోయిన మనిషి మంగతాయారును పిలిచేవాడు. "తాయారక్కా, జర గీ మచ్చ దిక్కు సూడు" అని.

ఆమెది తెనాలి, విజయభాస్కర్‌ది కీసర. ఉప్పల్‌లోని ఒక సౌర పరిశోధనశాలలో ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు. సూర్యుడి మీద జ్వాల ఎగసినప్పుడు మచ్చల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఎలా మెలితిరుగుతుందో, మరిగే వాయువు లాంటి ప్లాస్మా ఎటు పారుతుందో కొలవడం వాళ్ల పని. చేతులు పరికరాల మీద ఉంటాయి గనుక చూసింది చూసినట్టు పైకి చెప్పి రికార్డు చేసుకునేవారు.

ఎంతో కాలం కాచుకోగా ఒక పెద్ద జ్వాల చిక్కింది. ఆ వారంలోనే ఉప్పల్ చౌరస్తాలో లారీ గుద్ది విజయభాస్కర్ పోయాడు.

దూరదర్శినిని ఏ క్షణంలో ఎటు తిప్పారో అతని మాటల్లోనే ఉంది. అవి వినకుండా లెక్క తేలదు. మంగతాయారు వినేది, ఆపేది, మళ్లీ వెనక్కి జరిపేది. ప్లాస్మా కిందికి దిగడం చూసి అతను పసిపిల్లాడిలా నవ్వే చోట ఆమె హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేది. బస్సులో ఎవరైనా వెనకనుంచి అక్కా అంటే ఉలిక్కిపడేది.

ఒంటరిగా మోయలేక ఒక ఆదివారం నాచారంలో అతని భార్య చంద్రిక ఇంటికి వెళ్లి, వింటావా అని అడిగింది. చంద్రిక కళ్లు మూసుకుని మొత్తం విన్నది. ఏడవలేదు.

"ఇంట్ల ఎన్నడు గింత మాట్లాడలె అక్కా," అంది చివరికి. "గిట్ల నవ్వుతడని గూడ నాకు తెల్వది."

తెచ్చి తప్పు చేశానేమో అనుకుంది మంగతాయారు. చంద్రిక మాత్రం, ఆ రోజు ఆయన చూసింది తనకూ చూపించమంది.

మర్నాడు పరిశోధనశాలలో ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. అయస్కాంత పటంలో ఎదురెదురు ధ్రువాలు నలుపు తెలుపుల్లో ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. తర్వాతి చిత్రాల్లో ఉన్నట్టుండి భగ్గుమన్న వెలుగు. ప్లాస్మా కమానుల్లా లేచి నిలబడింది. వెలుగు తగ్గాక, చల్లబడిన ప్లాస్మా ఆ కమానుల వెంట చినుకుల్లా సూర్యుడి మీదికే జారసాగింది.

"మంట అయిపోయినంక గూడ పడుతనే ఉంటదా?"

"చాలాసేపు పడుతుందమ్మా. ఒక్కోసారి గంటల తరబడి."

చంద్రిక అది ఆగేదాకా కదల్లేదు. లేచాక, రికార్డు కాపీ ఇస్తానంటే వద్దంది.

పరిశోధన పత్రం విజయభాస్కర్ మొదటి రచయితగా వెలువడింది. చంద్రిక ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. పనిలో ఆయన ఎట్లా ఉండేవాడు, ఎవరితో ఏమనేవాడు అని అడుగుతుంది. మంగతాయారు గుర్తున్నదంతా చెబుతుంది. ఈమధ్య గుర్తులేనిది కూడా చెబుతోంది.