సుక్రిని తట్ట గురించి అడిగాను

నాను మూడో క్లాసు దాటలేదు. కాయితం మీద కత రాయడం ఇదే మొదలు. అచ్చరాలు తప్పుంటే మీరే దిద్దుకోండి. కానీ నాను సేసిన బుద్ధితక్కువ పని దిద్దడం మీ వల్ల కాదు, ఆ యేసయ్య వల్లా కాదు. నవ్వుకోడానికి సుబ్బరంగా కూకోండి.

అప్పుడు అరకు కొండల్లో రోడ్డు ఏస్తన్నారు. నాను కింద నుంచి ఎల్లిన కుర్ర మేస్త్రిని. మీసం సరిగ్గా రాలేదు గానీ గొంతు మాత్రం ఏనుగు గొంతు. అరవడమే నా ఉజ్జోగం అనుకునీవోణ్ణి. నా అరుపులకి కొండోళ్ళు ఒకళ్ళెనక ఒకళ్ళు పని మానేసి పోతన్నారు. ఓ రోజు రోడ్డేయించే ఇంగిలీసు దొర పిలిచాడు.

"మేస్త్రీ, నీ మనుషులు ఎందుకు పోవుచున్నారు?"

"తెలీదు దొరా."

"ఒక్కొక్కరిని వేరుగా పిలువు. కూర్చోబెట్టు. ఏమి కష్టము, ఏమి కావలె, అడుగు. తరవాత నోరు మూసుకో. వారిని మాటలాడనివ్వు."

అలగే దొరా అన్నాను. లోపల గంతులేసాను. ఎందుకంటారా? మట్టి మోసీవోళ్ళలో సుక్రి ఉండీది. ఆ పడుచు గుంట తట్ట నెత్తినెట్టుకుని ఏటవాలు ఎక్కుతుంటే, కొండే ఒంగి దారిచ్చినట్టుండీది. ఎన్నాళ్ళో దూరం నుంచి సూడ్డమే నా బతుకు. ఇప్పుడు ఆళ్ళ మేనమావోళ్ళు అస్సాం టీ తోటలకి పోతన్నారంట, ఈ వారం సంత ఎల్లగానే సుక్రినీ తీసుకుపోతారంట. ఎల్లకని సెప్పాలి. దొరే దారి సూపించాడు!

అనుమానం రాకుండా ముందు సొంబ్రుని పిలిచాను. సొంబ్రు ఒచ్చాడు. ఎనకాల పెళ్ళాం, తమ్ముడు, ముసలి తల్లి, ఊరిపెద్ద, ఓ మేక.

"ఒక్కడివే రమ్మన్నాను కదరా!"

"ఒక్కణ్ణే ఒచ్చాను బాబూ. ఈళ్ళు ఇనడానికొచ్చారు. నానేటి తప్పు సేసాను?"

ఆ కొండల్లో ఏ మాటైనా నలుగురి ముందే. మనిసిని ఒంటిగా పిలిచారంటే తప్పు పట్టడానికే. నాకేటి తెలుసు?

"తప్పేటీ లేదురా. నీకు కష్టం ఏటో సెప్పు."

సొంబ్రు ఊరిపెద్ద కేసి సూసాడు. ఊరిపెద్ద అందుకున్నాడు. "ఈడి కష్టం నువ్వే బాబూ."

అందరూ తలూపారు. మేక కూడా ఊపింది.

అలగ ఎవర్ని పిలిచినా పెళ్ళివారు దిగినట్టు దిగీవోరు. ఆకరికి సుక్రిని పిలిచాను. ఒచ్చింది. ఎనకాల ఎవరూ లేరు. కొప్పులో పువ్వెట్టుకుంది. నా ఎదర కూకుంది.

"మీ... మీవోళ్ళేరి?"

"నానే ఒద్దన్నాను. అడుగు మేస్త్రీ, ఏటడుగుతావో."

ఎల్లకు అందామని నోరు తెరిసాను.

"తట్ట... బరువుగా ఉందేటి?"

"లేదు."

"అంచు గుచ్చుకుంటందేటి?"

"లేదు."

"కొత్త తట్ట కావాలేటి?"

సుక్రి నా మొహంలోకి సూసింది. "ఇంకేటీ అడగవా?"

అప్పుడు దొర మాట గుర్తొచ్చింది. నోరు మూసుకోవాలి కదా! పుట్టి బుద్దెరిగాక మొదటిసారి మూసుకున్నాను. సుక్రి కొంచెంసేపు కూకుని, లేచి ఎల్లిపోయింది. మీటింగు బెమ్మాండంగా అయ్యిందనుకున్నాను. ఎదురుబొంగులు బేగి కొట్టించి కొత్త తట్ట కూడా అల్లించాను.

సంతెల్లిన మర్నాడు తట్ట పట్టుకుని రోడ్డంతా తిరిగాను. సుక్రి లేదు.

"ఎల్లిపోయింది బాబూ," అన్నాడు ఊరిపెద్ద.

"ఆగమని ఎవరూ సెప్పలేదేటి?"

"ఎవరు సెప్పాలి? మాలో గుంట మగోడి కాడికి ఒంటిగా ఎల్లి కూకుందంటే, ఆడు అడిగితే ఒప్పుకోడానికే. నీ కాడికొచ్చి కూకుంది. నువ్వు తట్ట గురించి అడిగావు."

తట్ట కింద ఎట్టాను. "పోతా పోతా ఏటైనా అందా?"

"అంది. నా తట్ట ఆడికే ఇయ్యండి, సిగ్గు మోసుకుంటాడు అంది."

"నవ్వుతా అందేటి?"

"నవ్వలేదు బాబూ."

ఇప్పటికీ ఎవరింట్లోనైనా టీ కాసిన వాసనొస్తే, ఈ ఆకు ఎవరి సెయ్యి కోసిందో అనుకుంటాను.

అందుకే బైబిలు మీద సెయ్యేసి ఒట్టేస్తన్నాను. ఇక మీదట ఎవరు నా ఎదర ఒంటిగా కూకున్నా, ముందు "ఎల్లకు" అంటాను. తరవాతే మిగతా సంగతులు. మొన్న పోస్టుమేను ఎండకి ఆగి నా అరుగు మీద కూకుంటే, ఆడికీ అలగే సెప్పాను. ఆడు నాకేసి అదోలా సూసి, సంచీ బుజానేసుకుని బేగి ఎల్లిపోయాడు.