కళ్లకద్దుకున్న శనగ

వానలు మొదలైన దగ్గర్నుంచీ మా కుక్క మోతీని రోజూ జంషెడ్‌పూర్ నది ఒడ్డు గడ్డిలో తిప్పాను. ఇంటికొచ్చాక దాని ఒళ్లు ఒక్కనాడూ చూడలేదు.

శ్రావణ శుక్రవారం పేరంటంలో వాయనాలిస్తుంటే నేల మీద నానిన శనగ ఒకటి కనిపించింది.

"పెసాదమే, తొక్కీగలవు. తీసి నోట్లో ఏసుకో" అన్నారు మా అత్తగారు.

కళ్లకద్దుకుని కొరికాను. చిట్లింది. నోరంతా నెత్తురు రుచి. అరచేతిలోకి ఉమ్మాను.

"మమ్మీ, దీనికి కాళ్లున్నాయి" అంది మా అమ్మాయి.

మోతీ రక్తం తాగి ఉబ్బిన గోమారి అది. కాళ్లింకా కదులుతున్నాయి. పేరంటాళ్లంతా తమ శనగలు ఒక్కొక్కటే తిప్పి చూసుకోసాగారు.

ఇప్పుడు మోతీ చెవులు, వేళ్ల సందులు, నా పాదాలు వెతికాకే ఇద్దరం గడప దాటి లోపలికొస్తున్నాం. శనగలు మాత్రం నాకు ఈ జన్మకి వద్దు.