నూనె క్యాను వెనక్కి అడిగిన మావయ్య

మొన్న బుధవారం పొద్దున్న భిలాయి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "మీ ల్యాబు మావయ్య పోయారమ్మా" అని ఫోన్ తమ్ముడికిచ్చేసింది. నేను స్టవ్ ఆర్పేసి వంటింట్లోనే కింద కూర్చుండిపోయాను. ఆయన మాకు చుట్టం కాదు. భిలాయి క్యాంప్ 2 బస్తీలో మా పక్కింటివారు. అమ్మ అన్నయ్యా అనేది కాబట్టి మాకు మావయ్య. ఊరి చివర ఓ చిన్న రంగుల కంపెనీ ల్యాబులో పని కాబట్టి ల్యాబు మావయ్య. ఒక పెద్దమనిషి చిన్నపిల్ల ముందు కూర్చుని తన తప్పు ఒప్పుకోవడం నేను మొదటిసారి చూసింది ఆయన దగ్గరే. ఆ పిల్లని నేనే. అప్పుడు నాకు పన్నెండేళ్ళు.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. విజయనగరం వైపు పల్లె. గ్లాసు మూడుసార్లు తొలిచిగానీ నీళ్ళు తాగేవారు కాదు. ఎవరింటికెళ్ళినా అంతే. మొదట్లో అమ్మకి ఒళ్ళు మండి, మా గ్లాసులు అంత మురిగ్గా ఉన్నాయా అని అడిగేసింది కూడా. ల్యాబులో పడ్డ చేతి అలవాటమ్మా, మీ గ్లాసుకేం, బంగారంలా ఉంది అని నవ్వేశారు. వాళ్ళింట్లో ప్రతి సీసాకీ ఓ చీటీ అంటించి ఉండేది. లోపల ఏముందో, ఎప్పుడు తెరిచారో అందులో రాసేవారు. మందు సీసాకి అంటే సరే, తేనె సీసాకీ, దేవుడి గూట్లో గంగాజలం చెంబుకీ కూడా చీటీలే. దేవుడికి కూడా తారీకు చెప్పాలా అని అత్తయ్య దెప్పితే, చెప్తే పోయేదేముంది అనేవారు.

ఆ కంపెనీలో ఖాళీ అయిన తెల్లటి ప్లాస్టిక్ క్యాన్లు బయట పడేసేవారు. రంగు ఎండి పెళుసెక్కకుండా కలిపే ద్రవమేదో వాటిలో వచ్చేది. మావయ్య వాటిని తెచ్చి, సోడాతో మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి, మా ఇళ్ళ వరసలో అడిగినవాళ్ళందరికీ పంచేవారు. గట్టి మూత, చేతికి ఇమిడే పిడి. వాటికోసం ఆడవాళ్ళు ముందే చెప్పుకుని ఉంచేవారు. నేను నడక నేర్చే రోజుల్లో మాకూ ఒకటి వచ్చింది. నాన్న పవర్ హౌస్ బజారు నుంచి నెలకి సరిపడా నూనె తెచ్చి అందులో పోసేవాడు. పదేళ్ళకి పైగా మా ఇంట్లో పోపులన్నీ ఆ క్యానులో నూనెతోనే.

నాకు పదేళ్ళ వయసు దాటాక ఒళ్ళు చేశాను. మామూలుగా కాదు, దసరాకి కుట్టించిన గౌను దీపావళికి పట్టేది కాదు. తమ్ముడూ నేనూ సమానంగానే తినేవాళ్ళం. వాడు పుల్లలా ఉండేవాడు, నన్ను బళ్ళో మోటీ అని పిలిచేవారు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి ఏమీ లేదన్నాడు. దాంతో నేరమంతా నా నోటి మీద పడింది. అమ్మ నా కంచంలో అన్నం సగం చేసింది. అయినా తగ్గకపోయేసరికి, "దొంగతనంగా తింటంది గావాల" అని వచ్చిన వాళ్ళందరితో అనేది. నేను ఎప్పుడూ అలా తినలేదు. ఎవరూ నమ్మకపోతే కొన్నాళ్ళకి నాకే నా మీద అనుమానం వచ్చింది.

తొంభైల మధ్యలో ఓ ఆదివారం మావయ్య చేతిలో స్టీలు డబ్బాతో వచ్చి, నూనె ఇందులోకి ఒంపేసుకుని క్యాను ఇచ్చేయమన్నారు. ఇచ్చిన సొత్తు వెనక్కి అడుగుతారా బావా అని నాన్న వేళాకోళమాడాడు. మావయ్య నవ్వలేదు. కంపెనీకి వచ్చే ఇంగ్లీషు పత్రికొకటి డిక్షనరీ పెట్టుకుని చదివారట. అలాంటి ద్రవాలు ప్లాస్టిక్కులోకి ఇంకితే నీళ్ళతో కడిగినా పూర్తిగా పోవని, నూనె వాటిని బయటికి లాగేస్తుందని, ఒంట్లోకి చేరితే కొన్ని హార్మోన్ల పనిలో వేలు పెడతాయని, జంతువుల్లో అలా కనబడిందని చెప్పారు. వాసన పోయింది కదాని అంతా పోయిందనుకున్నాను, నా మూడు కడుగుళ్ళు చూసుకుని మురిసిపోయాను అన్నారు.

అమ్మ చటుక్కున నావైపు తిరిగింది. "అయితే దీని ఒళ్ళు అందుకేనా అన్నయ్యా?"

"తెలీదమ్మా. అందులో బరువు సంగతి రాయలేదు. అది నా అనుమానం. అనుమానాన్ని అనుమానంగానే చెప్పాల."

అని, నా ఎదురుగా గొంతుక్కూర్చున్నారు. "చూడు బేటా. ఇందులో తప్పు నాది అవ్వొచ్చు, కాకపోవచ్చు. నీది మాత్రం కాదు."

నాకు ఏడుపు ఆగలేదు. రెండేళ్ళుగా నా గురించి అందరూ మాట్లాడారు గానీ, ఆ మాట ఒక్కరూ అనలేదు.

ఆ రోజే వరసలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి అదే చెప్పారు. తీసుకున్న క్యాన్లకి స్క్రూడ్రైవరుతో చిల్లులు పొడిచారు, మళ్ళీ ఎవరూ వాడకుండా. "అచ్ఛా ఖాసా డబ్బా ఖరాబ్ కర్ దియా భయ్యా" అని, నిక్షేపంలాంటి డబ్బా పాడుచేశారని చివరింటి దీదీ దెబ్బలాడింది. క్యానుకి బదులుగా అత్తయ్య అటక మీది స్టీలు డబ్బాలు ఒక్కొక్కటే ఇళ్ళు మారాయి. ఆవిడ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నేనిప్పుడు సైన్సు టీచర్ని. ఇలాంటి రసాయనాలకీ బరువుకీ సంబంధం ఉండొచ్చని శాస్త్రవేత్తలు కూడా వెతుకుతున్నారని చదివి, పోయినేడు మావయ్యకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. రుజువైందా అని అడిగారు. పూర్తిగా కాలేదన్నాను. అయితే మీ బళ్ళో పిల్లలకి కూడా అలాగే చెప్పు అన్నారు. అంత వయసులోనూ మనిషి ఇసుమంతైనా మారలేదు.

నేను ఆయనకి రుణపడింది మాత్రం ఇంకో పూటకి. అప్పట్లో, క్యాను పోయింది కాబట్టి నేను సన్నబడతానని అమ్మ ఆర్నెల్లు ఎదురుచూసింది. నేను సన్నబడలేదు. నా కంచంలో అన్నం మళ్ళీ సగమైంది. ఓ రోజు బళ్ళో ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. ఆ సంగతి విని, మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి మావయ్య వచ్చారు.

"క్యాను తీసేస్తే తగ్గిపోద్దని నేను అన్లేదమ్మా. పిల్లది తప్పు కాదన్నాను."

"మరేటి చెయ్యమంటారు అన్నయ్యా? రేపు దీన్ని నలుగురూ ఏటంటారు?" అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అప్పటిదాకా అమ్మది కోపమనుకున్నాను. భయమని ఆ రోజే తెలిసింది.

"ఈ పూటకి అన్నం పెట్టు. దానికెంత పెడితే నాకూ అంతే పెట్టు" అని నా పక్కన పీట వేసుకున్నారు.

ఆయన తిండి మా వరసంతా ఎరిగిందే, గుప్పెడు మెతుకులు. మొదటి వడ్డన అయ్యాక సిగ్గేసి చెయ్యి ఆపేశాను. ఇంకా ఆకలేస్తోందా అని మెల్లగా అడిగారు. అవునని తలూపాను. ముందు తన కంచం అమ్మ వైపు జరిపారు. అమ్మ ఇద్దరికీ వడ్డించింది. తరవాత చారు, ఆ తరవాత మజ్జిగ. ఆయన నుదుట చెమట పట్టింది, ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి దించుకుంటున్నారు. నేను ఎవరి మొహమూ చూడకుండా కడుపునిండా తిన్నాను. నేను చాలు అనేదాకా మావయ్య చెయ్యి కడుక్కోలేదు.