మొగులయ్య తుడిచిన తుప్పు

ఇంగ్లీషు వచ్చినవాడు ఒక చీటీని నిర్లక్ష్యంగా రాశాడు. ఇంగ్లీషు రానివాడు దానికి శిక్ష అనుభవిస్తున్నాడు. పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా పదకొండు కర్మాగారాల గేట్ల దగ్గర ఒక మనిషి ఫొటో అంటించి ఉంది. దాని కింద పేరు వేసి, "ఇతనిని లోపలికి రానీయరాదు" అని అచ్చువేశారు. అతడు దొంగతనం చేయలేదు, తాగి పనికి రాలేదు. చెప్పిన పనిని చెప్పినట్టు చేశాడు.

ఆ మనిషి పేరు మొగులయ్య. వయసు యాభై మూడు. కర్దనూర్‌లో నాలుగెకరాల జొన్నచేను ఉన్న ఇంట పుట్టాడు. ఆ చేను షెడ్ల కిందికి పోయాక చిట్కుల్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఫ్యాక్టరీ పనిలో చేరాడు. ఆయన పని పాలిష్. మందుల కంపెనీల్లో రియాక్టర్లుంటాయి, మందు తయారయ్యే పెద్ద స్టీలు పాత్రలు. వాటి లోపలి గోడ అద్దంలా ఉండాలి. సన్నని గీత ఉన్నా అందులో మందు నిలిచి, తరువాతి సరుకంతా చెడుతుంది. ఒక్క మనిషి మాత్రమే పట్టే మూతి గుండా లోపలికి దిగి, గ్రైండరుకు బట్టచక్రం బిగించి, వంగీ, వెల్లకిలా పడుకునీ ఆ గోడను రుద్దాలి. ఇరవై ఏడేళ్లు మొగులయ్య ఆ ఇనుప కడుపుల్లోనే బతికాడు. గోడకు ముఖం ఆనించి చూస్తే తన కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి. అప్పటిదాకా బయటికి వచ్చేవాడు కాదు.

నిరుడు డిసెంబరులో ఒక పారిశ్రామిక సంస్థకు చెందిన ఫౌండేషన్ వారు మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్లలో పోలండు చిత్రకారుల ప్రదర్శన ఏర్పాటు చేశారు. దాని ఆహ్వాన పత్రిక నా దగ్గర భద్రంగా ఉంది. నలుగురు కళాకారులు, నాలుగు తోవలు. ఒకాయన చేత్తో గీసిన నాటకాల పోస్టర్లు తెచ్చాడు. వాటిలో నటుల ముఖాలుండవు, ఒక చెవో ఒక కుర్చీయో కథంతా చెబుతుంది. ఒకామెవి రంగుకాగితపు కత్తిరింపులు; వాళ్ల పల్లెల్లో గొర్రెల బొచ్చు కత్తిరించే కత్తెరతోనే కోడిపుంజులనూ పూలనూ కత్తిరిస్తారట. మరొకాయన నారతాళ్లతో మనిషిని మించిన ఎత్తున దుస్తులు నేశాడు. లోపల ఒళ్లు లేని దుస్తులు. నాలుగో కళాకారిణి హలీనా. అరవై దాటిన మనిషి. ఆమె ఆరు ఇనుప రేకులను సముద్రపు ఒడ్డున పదకొండేళ్లు ఉంచి, ఎక్కడ తడి తగలాలో ఎక్కడ తగలకూడదో టేపులు అంటించి నిర్ణయిస్తూ, తుప్పుతోనే బొమ్మ వేసింది. రంగు ముట్టలేదు.

పెట్టెలు దింపి, బొమ్మలు గోడకెక్కించే పని ఫౌండేషన్ అధికారి చలపతిరావు గారు యాదన్న అనే లేబర్ కాంట్రాక్టరుకు అప్పగించారు. యాదన్న మోతకూలీలనూ పంపుతాడు, పాలిష్ మేస్త్రీలనూ పంపుతాడు. చలపతిరావు గారు ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టిన చీటీ నకలు నా దగ్గర ఉంది. పోలిష్ ఆర్ట్ వర్క్, ఐరన్, ఆరు, రెండో షెడ్డు, శుక్రవారానికి పూర్తి చేయవలెను: అంతే ఉంది. గోడకు తగిలించమన్న మాట అందులో లేదు. పోలండు వారిని చెప్పే మాటకూ, మెరుగు పెట్టడాన్ని చెప్పే మాటకూ ఇంగ్లీషులో అక్షరాలు ఒకటే, పలకడంలోనే తేడా. కాగితం పలకదు. ఈ ప్రాంతంలో ఇనుము పక్కన ఆ మాట కనిపిస్తే ఎవరైనా చదివేది ఒకే విధంగా. యాదన్నా పాలిష్ అనే చదివాడు, మొగులయ్యను పంపాడు.

ఇంతమందిలో ఆ రేకులను నిజంగా చూసినవాడు మొగులయ్య ఒక్కడే. గ్రైండరు ప్లగ్గు పెట్టకుండా ఆయన చాలాసేపు వాటి చుట్టూ తిరిగాడు. తరువాత యాదన్నను పిలిచాడు.

"యాదన్నా, గిది ఉత్త తుప్పు గాదే. ఎవరో కూసోని పెట్టిన తుప్పు. అంచులు సూడు, టేపు గుంజినట్టు నిటారుగున్నయ్. మూడు రంగులున్నయ్. ఒక్కసారి సారును అడుగు."

"తుప్పుల గూడ రంగులు ఏరుతున్నవానే నువ్వు? సారు రాసిచ్చిండు గద."

"రాసిచ్చిండు గని, అడిగితే పోయేదేమున్నది?"

యాదన్న నవ్వుతూనే ఫోన్ చేశాడు. పాలిష్ మేస్త్రీ అనుమానపడుతున్నాడని చెప్పాడు కూడా. చలపతిరావు గారు అప్పుడు అతిథుల బస సంగతి చూస్తున్నారట. పూర్తిగా వినలేదు. కాగితంలో రాసింది రాసినట్టు చేయమనీ, మళ్లీ ఫోన్ చేస్తే కాంట్రాక్టు మార్చేస్తాననీ అన్నారు. మొగులయ్య ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. రెండు రోజుల్లో పదకొండేళ్ల తుప్పు పొడిగా రాలింది. ఊడ్చి గోనెసంచిలో నింపి బయట పారబోశారు. ఆరు రేకులూ అద్దాలయ్యాయి.

శనివారం ఉదయం ప్రారంభోత్సవం. గ్రంథాలయ ఉద్యోగం విరమించినవాణ్నని నన్నూ పిలిచారు. రెండో వరుసలో కూర్చున్నాను. హలీనా రెండో షెడ్డులోకి వచ్చి, మొదటి రేకు ముందు ఆగింది. అందులో ఆమె ముఖమే కనిపించింది. రెండో దాని దగ్గరికి నడిచింది, మూడో దాని దగ్గరికి నడిచింది. నాలుగోదాని దగ్గర నేలమీద కూర్చుండిపోయింది. ఎవరు చేశారని అడిగింది. చలపతిరావు గారు వెనువెంటనే, ఒక కూలీ తన తెలివితక్కువతో చేశాడని చెప్పి మొగులయ్యను పిలిపించారు.

దుబాసీగా నిషిత అనే కాలేజీ అమ్మాయి ఉంది. హలీనా మాట ఇంగ్లీషులో వస్తే ఈమె తెలుగులో చెప్పాలి. హలీనా అరవలేదు. తుడిచే ముందు అక్కడ నీకేమీ కనిపించలేదా అని మాత్రం అడిగింది.

మొగులయ్య చేతులు కట్టుకుని జవాబిచ్చాడు. "కనవడ్డదమ్మా. పైన నలుపు, నడుమ ఇటుక రంగు, అంచుకు పసుపు. కావాలని పెట్టిందని నాకెరుకైంది. గదే చెప్పిన, అడుగుమన్న. ఎవ్వరు ఇనలే."

నిషిత మొదటి సగం ఇంగ్లీషులోకి తెచ్చింది. రెండో సగానికి నోరు తెరిచేసరికి చలపతిరావు గారు ఆమె భుజం మీద చెయ్యి వేసి, చాలమ్మా, టైము లేదన్నారు. కాబట్టి హలీనాకు చేరింది ఇంతే: చూశాడు, కావాలని పెట్టారని తెలుసు, అయినా తుడిచాడు. ఆమె మొగులయ్య వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. ఆ పూట తాను మింగిన వాక్యాలను నిషిత మార్చి నెలలో నాకు ఉత్తరంగా రాసి ఇచ్చింది. నాలుగు పేజీలు, ప్రతి పేజీకీ సంతకం.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటు అనుకునేవాణ్ని. అతిథులకు సంతృప్తి కలగాలని కాబోలు, చలపతిరావు గారు మొగులయ్యను గుంజీలు తీయమన్నారు. యాభై మూడేళ్ల మనిషి, రియాక్టర్లలో వంగి వంగి మోకాళ్లు అరిగినవాడు, చెవులు పట్టుకుని ఆ ఆరు అద్దాల ముందు గుంజీలు తీశాడు. ఒక్కొక్క గుంజీ ఆరు చోట్ల కనిపించింది. ఫోన్లు పైకి లేచాయి. పన్నెండో దానికి ఆయన చేతులు నేలకానించాడు, లెమ్మన్నారు, లేచాడు. విదేశీ అతిథులు ఇదేదో ఇక్కడి ఆచారమనుకుని బిగుసుకుని నిలబడ్డారు. యాదన్న గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగి వెళ్లిపోయాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. ఇది కూడా రాసి ఉంచాల్సిన విషయమే.

ఆ వీడియో సాయంత్రానికి ఇస్నాపూర్ టీకొట్టుకు చేరింది. మొగులయ్య పేరు పోయి పోలండు మిగిలింది. "ఏ పోలండూ, మా అత్త ముఖం జెర రుద్దరాదే, మెరుస్తదేమో" అని ఒకడంటే పదిమంది నవ్వారు. ఆయన కూడా నవ్వి, టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడట. వారం తిరక్కుండా చలపతిరావు గారి మాట మీద గేట్ల దగ్గర ఫొటోలు వెలిశాయి. ఆ ఫొటో ఎక్కడిదో కాదు. గుంజీల వీడియోలోంచి కోసినది. చెవి మీద చెయ్యి కూడా కనిపిస్తుంది.

ఆయన కూతురు హర్షిణి పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో ట్రైనీ. రోజూ ఆ ఫొటో పక్కనుంచే కార్డు చూపించి లోపలికి పోవాలి. ఏప్రిల్‌లో ఒక ఉదయం గేటు సెక్యూరిటీ సూపర్‌వైజరు ఆమె కార్డులో తండ్రి పేరు చూసి, ఫొటో వైపు వేలు చూపి, ఈయన నీకేమవుతాడని అడిగాడు. వెనక షిఫ్టు వాళ్లు వరుసలో నిలబడి ఉన్నారు.

"ఎవరో. నాకెరుక లేదు" అంది హర్షిణి.

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తానే తండ్రికి చెప్పి ఏడ్చింది. మొగులయ్య ముద్ద కలుపుతూ, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. రేపు అడిగినా గదే చెప్పు" అన్నాడు. ఈ మాట నాకు ఆయన భార్య కౌసల్య చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె కంట నీరు లేదు.

ఇక మిగిలినది వినండి. హలీనా ఆ రేకులను వెనక్కి తీసుకుపోలేదు. వెలిమెల దగ్గర కట్టిన కొత్త భవనంలో, ఫౌండేషన్ కార్యాలయం ముందరి హాలులో ఆ ఆరింటినీ వరుసగా తగిలించారు. వచ్చినవారు వాటిలో ముఖం చూసుకుని ఫొటోలు దిగుతున్నారు. కింద ఇత్తడి పలక మీద "పోలండు – తెలంగాణ కళా సమ్మేళనం" అని చెక్కించారు. ఫౌండేషన్ వార్షిక నివేదిక ముప్పై ఒకటో పేజీలో దాన్ని ఈ ఏటి విజయంగా చెప్పుకున్నారు. అద్దం చేసిన చేతుల పేరు పలకలోనూ లేదు, పేజీలోనూ లేదు. ఆ చేతులకు ఆ డిసెంబరు నుంచి పాలిష్ పని లేదు. చిట్కుల్‌లో ఒక ఇంటి మెట్ల టైల్సు కడుగుతున్నాయి.

చలపతిరావు గారూ, ఫౌండేషన్ పెద్దలారా, మీ దయ ఎవరికీ అవసరం లేదు. ఆ రేకులు పాడైపోయాయంటే హాలులోంచి దింపండి. బాగున్నాయంటే పలక మీద మొగులయ్య పేరు చెక్కించండి. రెండింటిలో ఏది చేసినా చేయకపోయినా, ఆ పదకొండు ఫొటోలను మనిషిని పంపి కాదు, మీరే వచ్చి మీ గోళ్లతో పీకండి. పాశమైలారం గేటుతో మొదలుపెట్టండి. ఉదయం షిఫ్టు లోపలికి వెళ్లే వేళకు రండి. హర్షిణి వరుసలో నిలబడి ఉంటుంది.