గేర్‌బాక్సుకు ఎదురుగా కుర్చీ

మొన్న పాత గాజులు కరిగించి కొత్తవి చేయించుకుందామని నెల్లూరులో ఒక నగల దుకాణానికి వెళ్తే, అక్కడి గుమాస్తా నన్ను సోఫాలో కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ చేతికిచ్చి, గోడకున్న టీవీ చూపించాడు. లోపల బంగారం కరిగించే గది అందులో కనిపిస్తుందట, ఇక్కడే కూర్చుని చూసుకోవచ్చట. చూశాను. ఎవరివో రెండు చేతులు, ఒక మంట, ఒక మూస. అవి నా గాజులేనని ఆ టీవీ ఎక్కడ చెప్పింది? మజ్జిగ పక్కన పెట్టి, లోపలికి వెళ్లి నిలబడతానన్నాను. వీల్లేదన్నారు. గాజులు మళ్లీ సంచిలో వేసుకుని వచ్చేశాను. ఇంట్లో చెబితే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా, "మెకానిక్ భాయ్ షెడ్డులో వేసుకున్నట్టు అక్కడా ఒక కుర్చీ వేసుకోలేకపోయినావా" అన్నాడు. నవ్వేసి వంటింట్లోకి వెళ్లాను గానీ, ఆ షెడ్డు పేరెత్తితే నాకు నవ్వు ఎక్కువసేపు నిలవదు.

ఎదురుగా కూర్చుని చేయించుకోవడం మా అమ్మ దగ్గర అబ్బిన విద్య. కావలిలో మా చిన్నప్పుడు ఏ చిన్న నగ చేయించినా అమ్మ మమ్మల్ని వెంటబెట్టుకుని కంసాలి గారింటికి పోయి, ఆయన కుంపటికి ఎదురుగా కూర్చునేది. బంగారం కరిగి, చల్లారి, తక్కెడలో పడేదాకా చూపు తిప్పేది కాదు. దాహమేసినా లేవకూడదు, ఎవరు పలకరించినా తల తిప్పకూడదు. కంసాలి గారు దానికి నొచ్చుకోలేదు సరికదా, అమ్మ గుమ్మంలో కనబడగానే ఆయనే పీట వేసేవారు. తర్వాత నేను లెక్కల టీచరునై ముప్పై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపలా కాయడంతో ఆ విద్య బాగా ముదిరింది. ఎవరైనా ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా నాకు అనుమానమే.

అలాంటి నాకు మా అన్న ఒక స్పోర్ట్స్ కారు ఇచ్చాడు. ఇద్దరే పట్టే ఎర్ర కారు, టాపు వెనక్కి మడుచుకుంటుంది. చెన్నైలో వ్యాపారం బాగా సాగిన రోజుల్లో సరదాపడి కొనుక్కున్నాడు. మోకాళ్లు అరిగాక అందులో కూర్చుంటే లేవడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. రిటైరయ్యాక నేను డ్రైవింగ్ నేర్చుకున్నానని తెలిసి అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఆయనే. పాత బండి, రిపేర్లు నా వల్ల కాదని నసిగితే, "క్లచ్ మొత్తం పోయినేడాదే కొత్తది వేయించినాలేమ్మా. నేనే దగ్గరుండి వేయించినా. ఎవడన్నా క్లచ్ పోయిందంటే నమ్మబాక" అన్నాడు. అంతే, తీసుకున్నాను. లోకంలో నేను అనుమానించని మనిషి ఒక్కడుంటే అది మా అన్నే. దానికి కారణముంది. పోయేనాటికి నాన్నకూ నాకూ ఏడాదిగా మాటల్లేవు. దేని గురించో ఇప్పుడు చెబితే నవ్వుతారు, అప్పుడు మాత్రం ఇద్దరం బిగుసుకుపోయి ఉన్నాం. ప్రాణం మీదికొచ్చిందని కబురు అందగానే సూళ్లూరుపేటలో పరీక్ష డ్యూటీ వదిలి రైలెక్కాను. కావలి చేరేసరికి అయిపోయింది. ఆసుపత్రి వరండాలో అన్న నా భుజం పట్టుకుని, "ఆఖర్న నిన్నే అడిగినాడమ్మా. నీ పేరు రెండుసార్లు పిలిచినాడు. నేను పక్కనే ఉండి విన్నా" అన్నాడు. ఆ మాట పట్టుకునే ఇన్నేళ్లూ బతికాను. అది లేకపోతే నాన్న ఫోటో వైపు తలెత్తి చూడగలిగేదాన్ని కాదు.

రెండేళ్ల కిందట మైపాడు నుంచి వస్తుంటే రెండో గేరు దగ్గర కారు గరగరలాడింది, కాసేపటికి ఏ గేరూ పడటం మానేసింది. చేపల ఆటో వాళ్లు తాడు కట్టి ఊరి అంచున ఉన్న భాయ్ షెడ్డు దాకా లాక్కొచ్చారు. దారి పొడవునా జనం నా ఎర్ర కారునూ ముందున్న చేపల బుట్టలనూ మార్చి మార్చి చూశారు. భాయ్ యాభై దాటిన మనిషి, మాట తక్కువ. మాట తక్కువ వాళ్లంటే నాకు మరీ అనుమానం. గేర్‌బాక్సు దించాలన్నాడు. మర్నాడు పొద్దున్నే మడతకుర్చీ, మంచినీళ్ల సీసా, టిఫిన్ డబ్బాతో దిగాను. "గేర్‌బాక్సు కరిగించి ముద్ద చేస్తాడా ఏంది" అని మా ఆయన ఇంటి దగ్గరే ఎగతాళి చేశాడు. భాయ్ మాత్రం నా కుర్చీని చూసి, దాన్ని తానే తీసుకెళ్లి నీడలో వేసి, "ఇక్కడైతే బాగా కనపడతాదక్కా" అన్నాడు. అంటే బాగా కనపడని చోటు ఇంకెక్కడో ఉందన్నమాట, అనుకున్నాను.

గేర్‌బాక్సు దిగింది. రెండో గేరు దగ్గర ఇత్తడి రింగు అరిగిపోయిందని చూపించాడు, అది మార్చక తప్పదు. ఆ తర్వాత మొదలైంది అసలు కథ. "ఎట్లాగూ దించినాం గదక్కా" అన్నాడు. ఇల్లు బాగు చేయించుకున్నవాళ్లకూ, పన్ను పీకించుకున్నవాళ్లకూ ఈ "ఎట్లాగూ" బాగా తెలుసు. ఒక గోడ కోసం మేస్త్రీని పిలిస్తే ఇల్లంతా సున్నం వేయించేది ఈ మాటే. ఇంజను వెనక ఆయిల్ సీలు కారుతోందన్నాడు. వేలు పెట్టి చూస్తే నల్లగా అంటింది, సరేనన్నాను. సైలెన్సరు బోల్టులు సముద్రపు గాలికి తుప్పు పట్టాయన్నాడు. గోటితో గీరితే పెచ్చులూడాయి, అదీ సరేనన్నాను. గేర్‌బాక్సు కింద రబ్బర్లు కూడా మార్చాలన్నాడు. నొక్కి చూస్తే మెత్తగానే ఉన్నాయి, తర్వాత చూద్దామన్నాను. "పగులు లోపలుంటాదక్కా" అన్నాడు గానీ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టకపోవడం కూడా ఒక ఎత్తుగడేనని మనసులో రాసుకున్నాను.

సీలు దాకా చేయి వెళ్లాలంటే ముందు క్లచ్ విప్పాలి. అన్న హెచ్చరించిన ఘట్టం వచ్చిందని కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నాను. గుండ్రటి ఇనప మూత, చుట్టూ ఆరు బోల్టులు. ఒక్కో బోల్టు తల మీద మొదలై మూత మీదికి సాగిన పసుప్పచ్చ రంగు గీత. అవేమిటని అడిగాను. "బండి తయారైనప్పుడు కంపెనీలో బిగించి గీస్తారక్కా. ఒక్కసారి పానా పెట్టి తిప్పినామంటే గీత రెండు ముక్కలైపోతాది" అంటూ మొదటి బోల్టు తిప్పాడు. గీత నా కళ్లెదుటే విరిగింది. మిగతా ఐదూ అలాగే విరిగాయి. మూత తీసి, లోపలి నుంచి మేకుల తలలు బయటపడేంతగా అరిగిన ప్లేటు ఒకటి తీసి, "ఇది మార్చాల్సిందేనక్కా" అన్నాడు. దొరికాడు అనుకున్నాను. "కొత్తది వేయించి రెండేళ్లు కూడా కాలేదు" అన్నాను, పరీక్ష హాల్లో చీటీ పట్టుకున్నప్పటి గొంతుతో. భాయ్ ప్లేటు నా చేతికిచ్చి, నేల మీద వరసగా పెట్టిన ఆరు బోల్టుల వైపు చూశాడు. నేనూ చూశాను. లెక్కల టీచరుకు ఆ లెక్క అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆ గీతలు అప్పటిదాకా చెక్కుచెదరకుండా ఉన్నాయనడానికి సాక్షిని నేనే. అంటే ఆ క్లచ్‌ను ఎవరూ ఎన్నడూ విప్పలేదు.

ఇంట్లో కూర్చుని ఉంటే భాయ్‌నే దొంగ అనుకుని హాయిగా ఉండేదాన్ని. చెన్నైలో ఎవడో అన్నను మోసం చేసి ఉంటాడని ఒక్క నిమిషం ఆశపడ్డాను. కానీ దగ్గరుండి వేయించినా అన్నాడే. నాకు కారు ఇవ్వాలన్న ముచ్చట కొద్దీ చెప్పిన అబద్ధం, నిజానికి కోపగించుకోవాల్సిందేమీ లేదు. కోపం రాలేదు కూడా. భయమేసింది. క్లచ్ సంగతి అంత నిబ్బరంగా చెప్పగలిగినవాడు ఆ రోజు వరండాలో చెప్పింది మాత్రం నిజమేనా అని ఒక ఆలోచన వచ్చి కూర్చుంది, ఎంత తోసినా పోలేదు. "ఏం చేద్దామక్కా" అని భాయ్ అడుగుతున్నాడు. వెయ్యమంటే అన్న మాట అబద్ధమని నా నోటితో ఒప్పుకున్నట్టు. వద్దంటే నా కళ్లే అబద్ధమన్నట్టు. ఐదు నిమిషాలు ఆగమని చెప్పి, ఫోను తీసుకుని రోడ్డు మీదికి నడిచాను. క్లచ్ గురించి అడగాలని కాదు. నాన్న నిజంగా పిలిచాడా అని అడిగెయ్యాలని.

గేర్‌బాక్సు దించుతున్నారని ముందురోజే చెప్పి ఉన్నాను, అన్న మొదటి రింగుకే ఎత్తాడు. నేను నోరు తెరవకముందే, "ఏమ్మా, క్లచ్ మార్చాలని గానీ అన్నాడా ఆ మెకానిక్కు?" అన్నాడు. ఆ గొంతులో కంగారు నాకు తెలిసింది. డెబ్బై దాటిన మనిషి, చెల్లెలి దగ్గర దొరికిపోతానేమోనని భయపడుతున్నాడు. "లేదన్నా, కొత్తదాని మాదిరే ఉందంట. వేసినవాడెవడో గానీ పనిమంతుడని రెండుసార్లు అన్నాడు" అన్నాను. అన్న గట్టిగా ఊపిరి వదిలి, "చెప్పినా గదా, దగ్గరుండి వేయించినా" అన్నాడు. ఇద్దరం ఎండల గురించి కాసేపు మాట్లాడుకున్నాం. లోపలికొచ్చి, క్లచ్ వేసెయ్యమన్నాను. పాత సామాన్లన్నీ లెక్కపెట్టి ఇంటికి తీసుకెళ్లే మనిషిని, భాయ్ "ప్లేటు డిక్కీలో పెట్టమంటారా అక్కా" అని అడిగితే అక్కర్లేదన్నాను.

కుర్చీలో కూర్చున్నాక గానీ నా నోటి నుంచి వచ్చిన మాట నాకు వినపడలేదు. ఎక్కడా తడబడలేదు, ముందుగా అనుకోలేదు. "అన్నాడు" అంటే సరిపోయేది, "రెండుసార్లు అన్నాడు" అన్నాను. ఇష్టమైన మనిషి బాధపడకూడదంటే అబద్ధం అలాగే వస్తుందని, కావాల్సిన వివరమేదో తానే వెతుక్కుని మరీ వస్తుందని అప్పుడు తెలిసింది. నాన్న నన్ను పిలిచాడో లేదో చెప్పగలిగిన మనిషి ఇంకా ఉన్నాడు, వారానికోసారి ఫోను చేస్తాడు. అడగడానికి మా ఇద్దరికీ ఇంకా కాస్త కాలం మిగిలే ఉంది, ఆ కాలమంతా నేను అడగకుండా ఉండటానికే వాడుకుంటున్నాను.