నీళ్ళలో నిటారుగా

పాతికేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో ద్రవపీడనం పాఠం చెబుతున్నాను. నీళ్ళలో పది మీటర్లు దిగితే పీడనం రెట్టింపవుతుందని బోర్డు మీద కొన్ని వందలసార్లు రాసి ఉంటాను. నేను మాత్రం నడుం లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఒకరోజు నా పాత విద్యార్థి సెంటర్‌కు వచ్చాడు. అల్మాస్‌గూడ అతను, ఇప్పుడు ముప్పై దాటాయి. మాల్దీవుల్లో ఒక డైవింగ్ పడవ మీద గైడుగా పనిచేస్తున్నాడు.

"ఒక్కసారి రండి సార్. వారం దినాలు పడవల్నే తినుడు, పండుడు, నీళ్ళల్లకు దునుకుడు. మీ టికెట్ నేను చూస్కుంట" అన్నాడు.

"వస్తాను. టికెట్ మాట ఇంకోసారి ఎత్తితే రాను."

ఆ జవాబు మా ఇంటిది. కృష్ణా డెల్టాలో మా తాతగారికి రెండు రైసు మిల్లులు, ఆయన వస్తుంటే లేచి నిలబడే ఒక ఊరూ ఉండేవి. నాకు ఊహ తెలిసేసరికి అవన్నీ పోయి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఇంటి కింది వాటాలో రెండు గదుల్లో ఉన్నాం. మిగిలింది ఒక అలవాటు. ఎవరు ఏం పెట్టబోయినా "ఇప్పుడే అయిందండి" అనాలి. నాకు ఏడేళ్ళప్పుడు పై వాటా ఇంటావిడ మెట్ల దగ్గర ఆపి, "తిన్నవా బిడ్డా? పైకి రా, బగారన్నం చేసిన" అంది. ఆ రోజు మా పొయ్యి వెలగలేదు. "తిన్నానండి" అన్నాను. లోపలి నుంచి విన్న అమ్మ బయటికి వచ్చి నా జుట్టు సరిచేసింది. అంతకు మించిన మెచ్చుకోలు నాకు ఆ తరవాత ఎక్కడా దొరకలేదు.

ఎల్‌బీ నగర్‌లోని ఈత కొలనులో నాలుగు నెలలు నేర్చుకున్నాను. సముద్రంలో చెయ్యవలసిన శిక్షణ మాల్దీవుల్లోనే ఒక దీవిలో పూర్తిచేసి పడవ ఎక్కాను. నీటి కింద ఎవరూ ఒంటరిగా ఉండకూడదు కనుక ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడు. నా జోడీ నల్గొండ నుంచి వచ్చి బాలాపూర్‌లో స్థిరపడి, బోరు బండి నడిపే మనిషి.

"ఇరవై ఏండ్లు నీళ్ళ కోసం భూమికి బొక్కలు పెట్టిన సారూ. సగం బోర్లల్ల దుమ్మే లేశింది. గిక్కడ సూడు, కొట్టకుండనే నీళ్ళు!" అని మొదటిరోజే తొడ చరిచి నవ్వాడు. ఇంటి నుంచి సీసా నిండా మామిడికాయ తొక్కు తెచ్చుకున్నాడు. భోజనానికి కూర్చున్నప్పుడల్లా నా వైపు జరిపేవాడు. ఆ పడవలోని చప్పటి చేపల కూరతో ముద్ద దిగక, నాలుక ఆ తొక్కు కోసం పీకుతున్నా "వద్దండి, చాలు" అనేవాణ్ణి.

మా ముగ్గురికీ ఒకటే నియమం. ఎవరి సిలిండర్‌లో గాలి ముందు సగానికి వస్తే వాళ్ళు చెప్పాలి. అక్కడి నుంచి అందరూ వెనక్కి తిరగాలి. మొదటి రెండు రోజులూ ముందు నాదే సగమైంది. చూడవలసినవి ఎదురుగా ఉండగానే మిగతా ఇద్దరూ నా వల్ల తిరిగారు.

"సార్, నీళ్ళల్ల గూడ బోర్డు ముంగట నిలబడ్డట్టే నిలబడుతున్నరు" అన్నాడు గైడు. "బోర్ల పండుకున్నట్టు ఉండాలె. నిటారుగ ఉంటే కాళ్ళు ఎక్కువ కొట్టాలె, గాలి జల్ది ఒడుస్తది."

"పెద్దింటోళ్ళు గదా, వంగుతరా?" అన్నాడు బోరాయన.

నేను నవ్వలేదు.

మూడోరోజు పొద్దున పద్దెనిమిది మీటర్ల లోతున ఉన్నాం. పసుపు చేపల గుంపు మా చుట్టూ తిరుగుతోంది. గైడు అరచేతి మీద రెండు వేళ్ళు ఆనించి, గాలి ఎంత ఉందని సైగ చేశాడు. గేజీ చూసుకున్నాను. గాలి కొలిచే ముల్లు సగం దాటి బాగా కిందికి వచ్చింది. మళ్ళీ నేనేనా అనిపించింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, అంతా బాగానే ఉందని చూపించాను. నా చోట ఇంకొకరుంటే గేజీ లాక్కుని చూసేవాడు. సారును రెండోసారి అడగలేక ముందుకు సాగాడు.

కాసేపటికి ముల్లు ఎర్ర గీత లోపలికి వెళ్ళింది. ఊపిరి బిగువుగా, కష్టపడి రావడం మొదలైంది. గైడు దూరంగా ఉన్నాడు. బోరాయన రెండు బారల దూరంలో ఉన్నాడు. చెయ్యి గొంతుకు అడ్డంగా కదిపితే చాలు, గాలి ఇవ్వమని అర్థం. కొలనులో ఇరవైసార్లు చేసిన సైగే. చెయ్యి లేవలేదు. ఇంకా ఎన్ని ఊపిరులు మిగిలి ఉంటాయని లెక్క వేసుకుంటున్నాను.

ఆయనే నా ముఖం చూసి దగ్గరికి వచ్చాడు. నా గేజీ పట్టుకుని చూశాడు. తన ఛాతీకి వేలాడుతున్న, జోడీ కోసం ఉండే రెండో గాలి గొట్టం తీసి నా ముందు పెట్టాడు. అప్పుడు నా చెయ్యి లేచింది. వద్దండి అన్నట్టు అడ్డంగా ఊపింది.

ఆయన నా భుజం పట్టి గొట్టాన్ని పెదాల దగ్గరే ఉంచాడు. నా సిలిండర్ నుంచి తరవాతి ఊపిరి సగమే వచ్చింది. నాది వదిలి ఆయనది అందుకున్నాను. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మెల్లగా పైకి వచ్చాం. లోతు నుంచి వచ్చేవాళ్ళు ఒంటికి ప్రమాదం లేకుండా ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒకే సిలిండర్ నుంచి ఇద్దరం ఊపిరి తీస్తూ ఎదురెదురుగా వేలాడాం. ఆ మూడు నిమిషాలూ ఆయన కళ్ళలోకి చూడక తప్పలేదు.

పడవ మీదికి రాగానే ఆయన మాస్కు తీసి, "చెయ్యి ఊపుతడేంది! నేనేమన్న చాయ్ పోసిన్నా వద్దనేతందుకు? గాలి సారూ, గాలి!" అని అరిచాడు.

గైడు గొంతు పెంచలేదు. "మీరు ఓకే అన్నరు సార్."

"అన్నాను."

"అప్పుడు ఎంతుండె?"

చెప్పాను. అతను తన సిలిండర్ విప్పి కింద పెట్టి అన్నాడు. "నా కొలువు పోతే పోనీ. మీకేమన్న అయితే మీ ఇంటికి ఏం మొకం పెట్టుకొని పోవాలె? ఇయ్యాల ఇంక మీరు దిగొద్దు. మల్ల దింపాల్నా వద్దా మీరే చెప్పండి. మీరు ఓకే అంటే నేనింక నమ్మాలె గదా."

నా దగ్గర చదువుకున్నవాడు నా మాటను అనుమానించడం అదే మొదటిసారి. తప్పు అతనిది కాదు. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరూ దిగారు. నేను డెక్కు మీద కూర్చుని వాళ్ళ బుడగలు ఎక్కడ తేలుతున్నాయో చూస్తూ ఉన్నాను. పై వాటా ఇంటావిడ గుర్తుకొచ్చింది. ఆవిడ ఆ రోజు మా పొయ్యి సంగతి తెలిసే పిలిచి ఉంటుందని ఇన్నేళ్ళకు తట్టింది.

సాయంత్రం గైడు దగ్గరికి వెళ్ళి, "నువ్వు అడిగేదాకా ఆగను. నేనే చెబుతాను" అన్నాను. సరే సార్ అన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు.

తరవాతి రెండు రోజులూ మాట నిలుపుకున్నాను. కానీ అప్పుడు నావల్ల పోయిందేమీ లేదు. ఆఖరి రోజు డైవ్‌లో మాత్రం, వారమంతా మేం ఎదురుచూసిన మాంటా అనే పెద్ద రెక్కల చేప కనిపించింది. అంత దూరాన దుప్పటి పరిచినట్టు నల్లటి రెక్కలు మెల్లగా లేస్తూ దిగుతూ మావైపే వస్తోంది. బోరాయన దానికేసి చెయ్యి చాచి అలాగే ఉండిపోయాడు. నేను గేజీ చూసుకున్నాను. ముల్లు సరిగ్గా సగం మీద ఉంది.

ఇంకో ఐదు నిమిషాలు ఆగితే అది మా నెత్తిమీదుగా వెళ్ళేది. గైడు భుజం తట్టి సగం అయిందని చూపించాను. అతను మాంటాను చూశాడు, నన్ను చూశాడు. వెనక్కి తిరగమని సైగ చేశాడు. తిరిగాం.

"గంత దూరం నుంచి వొస్తుండె అది. నీకు గప్పుడే ఒడవాల్నా సారూ?" అన్నాడు బోరాయన, పైకి వచ్చాక.

"అయిపోయిందండి. ఏం చెయ్యను?"

గైడు దగ్గరికి వచ్చాడు. నా వీపు మీది సిలిండర్ విప్పి తను అందుకున్నాడు. ఎప్పుడూ నేనే మోసుకునేవాణ్ణి. ఆ రోజు వదిలేశాను.

భోజనాల దగ్గర అదే చేపల కూర. బోరాయన తలదించుకుని తింటున్నాడు. ఈసారి సీసా నా వైపు జరపలేదు.

"ఆ తొక్కు ఇంకా ఉందా?" అని అడిగాను.

ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. "అడుగున ఓ చెంచడుంది. వారం సంది పెడుతుంటే వద్దంటివి గదా!"

"ఉన్నది వెయ్యండి" అని కంచం జరిపాను.