ఎర్లిందా వండిన పీతో మొగ్గలు

మా వీధిలో ఎర్లిందా చేతి వంట రుచి చూడనివాళ్ళు లేరు. తొలివాన పడగానే లొరోకో పూలు తుంచి, జున్నులో కలిపి రొట్టెల్లో పెట్టేది. వానలు ముదిరాక చిపిలీన్ ఆకు పులుసు. ఈసోతే పూలు విచ్చితే వాటిని ఉడికించి, నీళ్ళు పిండేసి, గుడ్లతో వేయించేది. సీమ వంకాయ కాపు అయిపోతే పాదు కింద దుంప తవ్వి దాన్నీ వదిలేది కాదు. కంచె మీదా గట్టు మీదా ఆ నెలకి ఏది దొరికితే అదే కూర. పద్నాలుగో ఏట పొయ్యి దగ్గర నిలబడింది, ముప్ఫై ఒకటో ఏట కూడా అక్కడే ఉంది.

ఆ వంటంతా తిన్నది వాళ్ళమ్మ, నీన్యా రొమెలియా. చచ్చినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నా వల్ల కాదు. ఆవిడ బల్ల ముందు కూర్చుంటే కూతురు పక్కన నిలబడి వేడివేడి మొక్కజొన్న రొట్టెలు ఒక్కొక్కటే అందించాలి. ఆవిడ లేచాక, ఈ పిల్ల కుండ అడుగు గీక్కుని నిలబడే తినాలి.

"ఈ పులుసు తాగి ఏ మగాడు నిన్ను చేసుకుంటాడే?" అనేది, రెండో గిన్నె పోయించుకుంటూ. పెద్దపిల్లలకి పెళ్ళిళ్ళు చేసి పంపేసింది. ఆఖరి ఆడపిల్ల పెళ్ళి లేకుండా తల్లి దగ్గరే ఉండిపోవాలి. మా కొండ మీద దానికి ఎవరూ తప్పు పట్టరు.

ఆ ఏడు కాఫీ కోతకి సముద్రం వైపు నుంచి నెఫ్తాలి అని ఒకతను వచ్చాడు. ఉప్పు మడుల్లో పని, పెద్ద చెవులు, తక్కువ మాటలు. వాళ్ళిద్దరూ కంచె దగ్గర ఏం మాట్లాడుకున్నారో గానీ, కోత ముగిసే వారం ఎర్లిందా నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మా ఇళ్ళకి మధ్య ఆ కంచె ఒక్కటే అడ్డం.

"కసీల్డా, శనివారం రెండింటికి చర్చి ముందు నుంచి కూలీల లారీ వెళ్తుందట. వస్తే పెళ్ళి చేసుకుంటానన్నాడే. అమ్మ మధ్యాహ్నం కునుకు తీయదు, గుమ్మంలోనే కూర్చుంటుంది. ఎట్లా వెళ్ళనే?"

"పీతోలున్నాయిగా!" అన్నాను. నా నోరు పడిపోను.

కంచె చెట్లకి ఆకంతా రాలిపోయి, ఎర్రటి పీతో మొగ్గలు గుత్తులుగా ఉన్నాయి. చిక్కుడు గింజల్లో గుప్పెడు వేస్తే తిన్నవాళ్ళకి నిద్ర ముంచుకొస్తుంది. ఏడ్చే పిల్లలకీ, తాగొచ్చి గొడవ చేసే మొగుళ్ళకీ మేమందరం పెట్టినవాళ్ళమే. ఎర్లిందా బుట్టెడు కోసింది. సంతోషంతో రెండు రాత్రులు నిద్ర కూడా పోలేదు, పిచ్చిది.

శనివారం నేను బట్టలారేసే వంకతో కంచె దగ్గరే ఉన్నాను. ముసలావిడ కంచంలోకి చూసి గరిటెతో కెలికింది.

"ఇన్ని పీతోలెందుకే?"

"చెట్టు నిండా ఉన్నాయమ్మా."

"ఊఁ. చేసి చేసి అలిసిపోయావు తల్లీ. రా, కూర్చో. ఇవాళ నేను వడ్డిస్తా."

ముప్ఫై ఒక్కేళ్ళలో ఆ మాట అదే మొదటిసారి. ఆవిడ లేచి, కూతుర్ని తన కుర్చీలో కూర్చోబెట్టి, కంచం ముందుకు తోసింది.

"నువ్వు తినమ్మా ముందు."

"ఏం, నీ వంట నీకే సయించదా?"

వద్దంటే దొరికిపోయినట్టే. ఎర్లిందా తింది. ఆవిడ ఇంకో గరిటె వేసింది, ఆ పైన ఇంకోటి. తాను మాత్రం ఉప్పు అద్దుకుని రొట్టె తింది. "సిగ్గులేనిదాన్ని కసీల్డా," అని తర్వాత నాతో చెప్పింది ఎర్లిందా, "అమ్మ వడ్డిస్తుంటే ఏడుపొచ్చింది. అంతా తెలుస్తున్నా, ఇంకా వడ్డిస్తే బాగుండుననిపించింది."

ఒంటిగంటన్నరకి బల్ల మీద తల వాల్చేసింది. నేను కంచె దూకి వెళ్ళి కుదిపాను, మొహాన నీళ్ళు కొట్టాను. ఊహూఁ.

"పడుకోనివ్వవే, పాపం," అంది తల్లి, విసనకర్ర ఊపుకుంటూ.

చర్చి దగ్గరికి పరిగెత్తి నెఫ్తాలిని లాక్కొచ్చాను. అతను గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఎర్లిందా నోరు తెరుచుకుని గురక పెడుతోంది, గడ్డం మీద చిక్కుడు గింజ అంటుకుని ఉంది.

"రా నాయనా, ప్రయాణం సంగతి చెప్పిందిలే," అంది ముసలావిడ. ఎర్లిందా ఒక్క ముక్క చెప్పలేదు. "ఏం చేస్తాం, నిద్రే ముఖ్యమనుకుంది."

"అబద్ధం! పీతోలు తినిపించింది!" అని అరిచాను.

"ఎవరు వండారు?" అన్నాడు.

నోరు మూసుకోవలసింది. నిజం చెబితే అర్థం చేసుకుంటాడనుకున్నాను. "ఎర్లిందానే వండింది. వాళ్ళమ్మ కోసం. నీతో రావడానికే కదయ్యా!"

అతను ఆ పడుకున్న మనిషిని చూశాడు. "కన్నతల్లి కంచంలోనే కలిపిన మనిషి, రేపు నా కంచంలో కలపదా?" అన్నాడు. టోపీ పెట్టుకుని వెళ్ళి లారీ ఎక్కాడు. నేను వెంటపడి తిట్టినా వెనక్కి తిరగలేదు.

పొద్దు గూకాక ఎర్లిందా లేచి, టైమెంతయిందని అడిగింది.

"రాత్రికేం వండుతున్నావు?" అంది తల్లి.

ఆ రోజు నుంచి నీన్యా రొమెలియా చనిపోయేదాకా, తొమ్మిదేళ్ళ పాటు, ఏం వండినా మొదటి కంచం ఎర్లిందాకే. తల్లే వడ్డించి, ఎదురుగా కూర్చుని, ఆఖరి మెతుకు దాకా తినేవరకూ చూసి, పావుగంట ఆగి, అప్పుడు తాను తినేది. అంత్యక్రియల రోజు ఇరుగుపొరుగు కళ్ళు తుడుచుకున్నారు. కూతురికి తన చేత్తో పెట్టనిదే ముద్ద ముట్టని తల్లిని ఎక్కడా చూడలేదని ఎర్లిందాతోనే అన్నారు. ఎర్లిందా అవునంది.